ఆ దూలం మీద ఉన్నది హెలికాప్టర్ కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో ఈజిప్టు గుళ్ల మీద రెండు పేజీల వ్యాసం వేశారు. అందులో ఒక గుడి దూలం మీది చెక్కడం ఫొటో వేసి, అది హెలికాప్టర్ అన్నారు. చదివాక ఉత్తరం రాద్దామా వద్దా అని రెండు రోజులు ఊరుకున్నాను. మంగళవారం సాయంత్రం మా వీధిలో ఏడో తరగతి చదివే కుర్రాడు ఆ పేజీ చేత్తో పట్టుకుని వచ్చి, "మాస్టారూ, ఈజిప్టు వాళ్లకి అప్పుడే హెలికాప్టర్లు ఉండేవట, ఏలియన్స్ వచ్చి నేర్పారట, పేపర్లో కూడా వేశారు చూడండి" అన్నాడు. అందులో నాకు గుచ్చుకున్నది ఆ చివరి మాటే. యూట్యూబ్‌లో ఎవరో ఏదో అన్నారంటే పిల్లలకి నచ్చజెప్పొచ్చు, పేపర్లో వచ్చిందంటే మనం ఏం చెప్పినా వాళ్లకి ఎక్కదు. అందుకే రాస్తున్నాను, కాస్త పొడుగైనా దయచేసి పూర్తిగా చదవండి.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఈజిప్టు మీద ఆశ ఎప్పుడు మొదలైందంటే, పిల్లల్ని విహారయాత్రకి హైదరాబాద్ తీసుకెళ్లినప్పుడు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీ చూశాం, అప్పటి నుంచి. రెండేళ్ల కిందట జనవరిలో, మా అబ్బాయి డబ్బులు సర్దితే, పది రోజులు వెళ్లి రాగలిగాను. కైరోలో పిరమిడ్లు చూడటానికి ఒక్క రోజు చాలనిపించింది. మిగతా తొమ్మిది రోజులూ గోడలు చూస్తూ గడిపాను. కాబట్టి మీరు వేసిన ఆ దూలం కింద నేను స్వయంగా నిలబడి చూసినవాణ్ణే.

ముందు ఆ హెలికాప్టర్ సంగతి. ఆ ఫొటో అబిడోస్ అనే చోట మొదటి సేతి అనే రాజు కట్టించిన గుడిలోది, స్తంభాల మండపంలో బాగా ఎత్తున ఉన్న ఒక రాతి దూలం. సుమారు 3,300 ఏళ్ల కిందట సేతి ఆ గుడి మొదలుపెట్టాడు, పూర్తి కాకముందే పోయాడు, కొడుకు రెండో రామ్సెస్ మిగతాది పూర్తి చేయించాడు. ఆ దూలం మీద తండ్రి పేరిట ఒక బిరుదు చెక్కి ఉండేది, తొమ్మిది ధనుస్సులను తరిమినవాడు అని. తొమ్మిది ధనుస్సులంటే వాళ్ల మాటలో ఈజిప్టు శత్రువులందరూ అని అర్థం. కొడుకు హయాంలో ఆ అక్షరాలను గచ్చుతో పూడ్చి, దాని మీదే ఈజిప్టును కాపాడి పరదేశాలను అణచినవాడు అని తన బిరుదు చెక్కించాడు. కాలం గడిచి గచ్చు ఊడిపోయింది. కింది అక్షరాలూ పై అక్షరాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఒక మూల నుంచి చూస్తే రెక్క, ఇంకో మూల తోక కనిపిస్తున్నాయి. బడిలో బోర్డు సరిగా తుడవకుండా దాని మీదే ఇంకో లెక్క వేస్తే వెనక బెంచీలో వాడికి ఏవేవో బొమ్మలు కనిపిస్తాయే, అదే ఇది, అంతకుమించి అందులో రహస్యం ఏమీ లేదు. దాన్ని చదవగలిగినవాళ్లు చదివి చెప్పి చాలా ఏళ్లయింది. మీ వ్యాసంలో ఆ ముక్క ఒక్క వాక్యంగా కూడా లేకపోవడమే నా బాధ.

అసలు బాధ వేరే ఉంది. ఆ దూలం కింద జనం తలలు పైకెత్తి, ఫోన్లు ఎత్తి, ఫొటో రాగానే వెనక్కి తిరిగి వెళ్లిపోతున్నారు. మా గుంపులోవాళ్లూ చాలామంది అంతే చేశారు. అక్కడి నుంచి కాస్త లోపలికి నడిస్తే ఏడు గర్భగుళ్లు వరసగా ఉన్నాయండీ. ఒకటి సేతి పేరిట, మిగతావి వాళ్ల దేవుళ్లవి, ప్తా, రా-హొరాఖ్తి, ఆమున్-రా, ఒసిరిస్, ఐసిస్, హోరస్. మనిషి చేత్తో రాతి మీద ఇంత పని సాధ్యమా అని నేను నోట మాట రాక నిలబడిపోయిన చోటు అదే. మీ రెండు పేజీల్లో దానికి చోటు దొరకలేదు.

ఐసిస్ అమ్మవారి గదిలో జరిగింది చెప్తాను. మామూలు లైటు వెలుతురులో ఆ గోడ మీద బొమ్మ ఉందన్న సంగతి తెలుస్తుంది గానీ, బొమ్మ ఎంత గొప్పదో తెలియదు. గల్లాబియా అనే పొడవాటి అంగీ తొడుక్కున్న ముసలాయన, కాపలాదారు, నేను కాగితం మీద గీసుకుంటుంటే కాసేపు చూశాడు. దగ్గరికొచ్చి తన చేతి లైటుని గోడకి ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు గోడకి సమాంతరంగా పట్టాడు. ఒక్కసారిగా అమ్మవారి చెంప లేచింది. కంటి చివర గీత, ముక్కు పక్కన చిన్న పల్లం, పెదవి అంచు, మెడలో హారం వరసలు, రాజు నడుముకి కట్టుకున్న సన్నటి బట్ట మడతలు, ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. ఇంతా చేసి ఆ బొమ్మ గోడ మీద నుంచి పైకి లేచింది ఎంతని, రెండు మూడు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. అంత పల్చటి మందంలో చెంప గుండ్రం తేవాలంటే చెయ్యి ఎంత కుదురుగా ఉండాలో నేను చెప్పగలను, ఎందుకంటే నేను పిల్లలకి మట్టితో ఉబ్బెత్తు బొమ్మలు చేయించాను, మెత్తటి మట్టిలోనే ముక్కు ముద్దయిపోతుంది. వీళ్లది సున్నపురాయి, చేతిలో కంచు ఉలి, కర్ర సుత్తి, తర్వాత నున్నగా రుద్దడానికి ఇంకో రాయి.

ఆ గదుల గోడల మీద ఏముందో తెలుసా? పొద్దున్నే గుడి తలుపు తీసి దేవుడికి చేసే సేవలు, వరసగా. రాజు తలుపు మీది మట్టి ముద్ర పగలగొడతాడు, గడియ తీస్తాడు, సాష్టాంగపడతాడు, ధూపం వేస్తాడు, కొత్త బట్టలు కడతాడు, పరిమళ తైలం చిటికెన వేలితో అద్దుతాడు. ఆ చిటికెన వేలు ఎంత సుకుమారంగా చెక్కారంటే, దాని ముందు నేను అరగంట నిలబడ్డాను. సేవలన్నీ అయ్యాక, వెనక్కి నడుస్తూ తన అడుగుల గుర్తులు తనే ఊడ్చేసి తలుపు వేయడం వాళ్ల ఆచారం. రోజూ పొద్దున్నే గుడికి వెళ్లే అలవాటున్న తెలుగువాళ్లకి ఇదంతా వివరించాల్సిన పని లేదు, చూడగానే తెలిసిపోతుంది. అలాంటిది మీ శీర్షికలో మాత్రం "వింత దేవుళ్లు" అని వేశారు.

ఆ మాట గురించి కూడా చెప్పాలి. డేగ తల, నక్క తల, మొసలి తల అనగానే మనవాళ్లు కూడా వింత అంటే ఎలాగండీ, ఏనుగు తలతో ఉన్న స్వామికి తొలి పూజ చేసేవాళ్లం. ఈజిప్టు వాళ్లు తమ దేవుడు అచ్చంగా అలాగే ఉంటాడని అనుకోలేదు. థోత్ అనే దేవుడు ఒకచోట ఐబిస్ కొంగ తలతో ఉంటాడు, ఇంకోచోట అచ్చంగా కొంగే, మరోచోట కూర్చున్న బబూన్ కోతి. హాథోర్ తల్లి ఒకచోట ఆవు, ఒకచోట ఆవు చెవులున్న స్త్రీ, ఒకచోట తల మీద కొమ్ములూ మధ్యలో సూర్యబింబమూ ఉన్న స్త్రీ. ఆ తలలు పేర్లలాంటివి, చూడగానే ఎవరో తెలియడానికి. ఐసిస్ తల మీద సింహాసనం గుర్తు ఉంటుంది, ఆమె పేరు రాసే అక్షరం అదే. ఇంక శిల్పి తెలివి ఎక్కడుందంటే, జంతువు తలకీ మనిషి ఒంటికీ అతుకు పడే చోటు మెడ కదా, అది కనబడకుండా అక్కడ పొడవాటి విగ్గు పాయలు భుజాల మీదికి దించుతారు. అందుకే హోరస్‌ని చూస్తే డేగ తల తెచ్చి మనిషికి అతికించినట్టు ఎక్కడా అనిపించదు, పుట్టడమే అలా పుట్టినట్టుంటుంది. ఈసారి ఫొటో చూసినప్పుడు ఆ మెడ దగ్గర చూడండి.

మీ రెండో పేజీలోని పెద్ద ఫొటో తిరగబడి అచ్చయింది, ఆ సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. అదే గోడ నా ఫోన్లో ఉంది, పక్కపక్కన పెట్టి చూశాను. ఈజిప్టు అక్షరాలు కుడి నుంచి ఎడమకీ రాస్తారు, ఎడమ నుంచి కుడికీ రాస్తారు, కాబట్టి పేజీ పెట్టేవాళ్లు కనిపెట్టడం కష్టమే, అందుకు తప్పుపట్టను. కానీ అక్కడ ఎవరు ఎటు చూస్తున్నారన్నది ముఖ్యం. రాజు బయటి నుంచి లోపలికి వస్తుంటాడు, దేవుడు లోపలి నుంచి బయటికి చూస్తుంటాడు, ఆయన ఇల్లు కాబట్టి, వచ్చినవాణ్ణి ఎదురుగా చూస్తాడు. ఫొటో తిప్పేస్తే దేవుడు తన గర్భగుడి వైపే మొహం పెట్టి నిలబడతాడు.

ఇక ఏలియన్స్. ఇక్కడే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ పని చేసినవాళ్ల గురించి మనకి తెలియకపోతే ఏదో అనుకోవచ్చు, తెలుసు కదా! లక్సర్‌లో నైలు నదికి పడమటి గట్టున దేర్ ఎల్ మెదీనా అని ఒక ఊరుంది. రాజుల లోయలో సమాధులు తొలిచి, చెక్కి, రంగులేసిన పనివాళ్లు పెళ్లాం బిడ్డలతో ఉన్న ఊరు అది, ఇళ్ల గోడలు మొల ఎత్తున ఇంకా ఉన్నాయి, సందుల్లో నడవొచ్చు. వాళ్ల హాజరు పట్టీ ఒకటి రాతి పలక మీద రాసింది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండో రామ్సెస్ 40వ ఏడాదిది, సుమారు 40 మంది పనివాళ్ల పేర్లు, ఎవరు ఏ రోజు పనికి రాలేదో, ఎందుకు రాలేదో. ఒకడికి తేలు కుట్టింది. ఒకడికి కళ్లకలక. ఒకడు బీరు కాచుకుంటున్నాడు. ఇంకొకడు తల్లి చనిపోతే శవానికి గుడ్డ చుడుతున్నాడు. తల్లి పోయిందని సెలవు పెట్టినవాడి పని తీసుకెళ్లి ఏ గ్రహం నుంచో వచ్చినవాళ్ల ఖాతాలో రాస్తే ఎలా అండీ? అదే ఊరివాళ్లు మూడో రామ్సెస్ 29వ ఏట జీతం ధాన్యం సమయానికి ఇవ్వలేదని పని ఆపి వెళ్లి గుళ్ల దగ్గర కూర్చున్నారు, సమ్మె చేశారు. ఆ సంగతి రాసిన పపైరస్ ఇటలీలో ట్యూరిన్ నగరంలో ఉంది.

వాళ్లు పని ఎలా చేశారో చూడాలంటే రాజుల లోయలో హోరెంహెబ్ అనే రాజు సమాధికి వెళ్లాలి. 1908లో బయటపడింది. ఆ లోయలో గోడల మీద ఉత్త రంగుల బొమ్మలు కాకుండా చెక్కి రంగువేయడం మొదలైంది ఈ సమాధితోనే. రాజు చనిపోయేసరికి పని పూర్తి కాలేదు, ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మనకి అదే మంచిదయింది. ఒక గోడ మీద గళ్లు, వాటిలో ఎర్ర రంగుతో వేసిన తొలి గీత, దాని మీద పెద్ద మేస్త్రీ నల్ల రంగుతో దిద్దిన గీత, పక్కన చెక్కడం మొదలుపెట్టిన బొమ్మ, ఇంకొంచెం అవతల సగం చెక్కింది. వడ్రంగి దారానికి రంగు పట్టించి చెక్క మీద బిగించి టక్కున వదిలితే గీత పడుతుంది చూశారా, వాళ్ల గళ్లూ అలా వేసినవే, ఎర్ర రంగులో ముంచిన దారంతో. నిలబడ్డ మనిషికి అరికాలి నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటికి 18 గళ్లు. మోకాలు ఏ గడిలో, నడుము ఏ గడిలో, భుజం ఏ గడిలో అన్నీ లెక్క. తర్వాతి కాలంలో 21 గళ్ల లెక్క వచ్చింది. నేను చిన్న బొమ్మని చార్టు మీద పెద్దది చేయడానికి పిల్లలకి నేర్పింది ఈ గళ్ల పద్ధతే, 31 ఏళ్లు నేర్పాను. ఆ సమాధిలో నల్ల గీత ఎర్ర గీతని దాటి పక్కగా వెళ్లిన చోటు చూసినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకంటే పిల్లాడి కాగితం మీద నేను దిద్దిన గీత కూడా అలాగే ఉంటుంది, వాడి గీత పక్కనే, కొంచెం అవతల.

బల్బు మాట మర్చిపోయాను. మీ వ్యాసం చివర దెందెరా గుడిలో కరెంటు బల్బు బొమ్మ చెక్కి ఉందని కూడా రాశారు. అది హాథోర్ గుడి కింద ఇరుకు నేలమాళిగలో ఉన్న చెక్కడం. తామర పువ్వులోంచి పాము పుట్టి వస్తోంది, చుట్టూ పొడవాటి గుడ్డు ఆకారం, దాన్ని మోస్తూ చేతులున్న స్తంభం ఒకటి. ఆ పాము హార్సోంతస్ అనే దేవుడి రూపం, పొద్దున్నే తామరలోంచి పుట్టే దేవుడు. పక్కనే రాత ఉంది, ఆ నేలమాళిగల్లో ఉంచిన విగ్రహాలు ఏ లోహంతో చేసినవో, ఎంత ఎత్తున్నాయో కూడా ఆ రాతల్లో చెప్పారు. గుడి సామాన్ల గది పట్టీ అన్నమాట! కరెంటు లేకపోతే పైకప్పు మీద మసి ఉండాలి కదా అని మీ వ్యాసకర్త అడిగారు. దెందెరా పైకప్పు నిండా మసే ఉండేదండీ, తరవాతి కాలంలో జనం ఆ గుళ్లలో కాపురాలు పెట్టి పొయ్యిలు వెలిగించుకున్నారు కాబట్టి. ఈ మధ్య ఏళ్లలో శుభ్రం చేశాకే కింద ఉన్న నీలం రంగు బయటపడింది. ఎస్నాలో ఖ్నుమ్ దేవుడి గుడిలో కూడా అదే పని, 2018 నుంచి ఈజిప్టు ప్రభుత్వమూ జర్మనీలోని ట్యూబింగెన్ యూనివర్సిటీ వాళ్లూ కలిసి మసి తీస్తూ వచ్చారు. సగం తీసిన చోట చూస్తే ఒక పక్క తారు రోడ్డు లాంటి నలుపు, పక్కనే నిన్న వేసినట్టున్న పసుపు, ఎరుపు, నీలం. ఆ నీలం కూడా వాళ్లు కనిపెట్టిందే, రాగి, ఇసుక, సున్నం కలిపి కాల్చి తయారు చేసిన రంగు. ఇలాంటి సంగతులు పిల్లలకి చెప్తే ఎంత ఆశ్చర్యపోతారో నాకు తెలుసు, నేను చెప్పి చూశాను. అబద్ధపు బల్బు అవసరం లేదు.

వెలుతురు గురించి ఒక్క మాట, ఎందుకంటే డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలు ఎవరైనా ఈ ఉత్తరం చదవొచ్చు. ఈజిప్టు గోడల మీద రెండు రకాల చెక్కడాలుంటాయి. ఒకటి ఇందాక చెప్పిన ఉబ్బెత్తుది, చుట్టూ రాయి తీసేసి బొమ్మని పైకి తేవడం. రెండోది బొమ్మ చుట్టూ గీతని లోతుగా కొట్టి, బొమ్మని గోడ మట్టానికి లోపలే ఉంచడం. మొదటిది ఎక్కువగా గుడి లోపల, చీకట్లో దీపం వెలుతురుకి. రెండోది బయట, మండుటెండకి, ఎండ ఆ లోతు గీతలో పడి నల్లటి నీడ గీస్తుంది, ఎంత దూరం నుంచైనా బొమ్మ కనిపిస్తుంది. రెండో రామ్సెస్ అయితే లోపల కూడా రెండో రకమే వాడించాడు. లక్సర్‌లోని కర్నాక్ గుడిలో 134 స్తంభాల పెద్ద మండపం ఉంది కదా, అందులో ఉత్తర సగం సేతిది, దక్షిణ సగం రామ్సెస్‌ది. మధ్యలో నిలబడి అటూ ఇటూ చూస్తే తండ్రికీ కొడుక్కీ తేడా తెలుస్తుంది. తండ్రిది మెత్తన, కొడుకుది గట్టి గట్టి దెబ్బలు. నా ఓటు తండ్రికే.

అబిడోస్ గోడల మీద బొమ్మల్ని అచ్చంగా చూసి గీసినవాళ్లూ ఉన్నారు. 1930లలో అమీస్ కాల్వర్లీ, మిర్టిల్ బ్రూమ్ అనే ఇద్దరు ఆడవాళ్లు ఆ గుడి దగ్గరే మకాం పెట్టి ఏళ్ల తరబడి ఒక్కో గోడనీ గీసి రంగులేశారు. నాలుగు పెద్ద సంపుటాలు వచ్చాయి, మొదటిది 1933లో, నాలుగోది 1958లో. రెండు నెలల్లో పేజీలు నింపే రోజుల్లో ఉన్నాం కాబట్టి ఆ పాతికేళ్లు నాకు గుర్తుండిపోయాయి.

ఇప్పుడు ముక్కుల సంగతి. మీరు వేసిన మూడో ఫొటోలో దేవతల మొహాలు చెక్కేసి ఉన్నాయి, కింద "కాలం చేసిన గాయాలు" అని రాశారు. కాలం పాపం ఏమీ చేయలేదండీ, అది మనుషుల చేతి పని. ఈజిప్టు భాషలో శిల్పి అనే మాటకి అర్థమే బతికించేవాడు అని. చెక్కిన బొమ్మలోకి దేవుడు వచ్చి ఉంటాడు, ఊపిరి పీలుస్తాడు, నైవేద్యం అందుకుంటాడు. అందుకని ఆ దేవుడు వద్దనుకున్నవాళ్లు ముందు ముక్కు కొట్టేశారు, ఊపిరి ఆగాలని. అఖెనాతెన్ అనే రాజు సూర్యబింబాన్ని మాత్రమే కొలవాలని ఆమున్ పేర్లూ బొమ్మలూ దేశమంతా చెరిపించాడు, ఆయన పోయాక వచ్చినవాళ్లు వాటిని మళ్లీ చెక్కించారు. తర్వాత క్రైస్తవం వచ్చినప్పుడు మళ్లీ కొట్టారు. దెందెరాలో హాథోర్ మొహాలు చాలావరకు పోయాయి. ఫైలే దీవిలో ఐసిస్ గుడి మండపాన్ని చర్చి చేసుకుని గోడల మీద సిలువలు చెక్కారు. ఇంకొక రకం దెబ్బలు కూడా ఉన్నాయి, బయటి గోడల మీద వేలితో గీరినట్టు పొడుగాటి గాట్లు. అవి కోపంతో చేసినవి కావు. జనం ఆ రాతిని గీరి, ఆ పొడిని మందుగా, ప్రసాదంగా తీసుకెళ్లారు. కొట్టేసినవాళ్లూ, గీరి తీసుకెళ్లినవాళ్లూ, ఇద్దరూ ఆ బొమ్మలో ప్రాణం ఉందనే నమ్మారు.

ఫైలే దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఆ గుడిలో ఒక ద్వారం గోడ మీద మందులిస్ అనే దేవుడి బొమ్మ, పక్కన రాత ఉంది. ఎస్మెత్-అఖోం అనే ఐసిస్ పూజారి 394 ఆగస్టు 24న చెక్కింది. మనకి దొరికిన వాటిలో ఈజిప్టు చిత్రాక్షరాల్లో ఆఖరి రాత అదే. మూడు వేల ఏళ్లకి పైగా నడిచిన రాత అక్కడ ఆగింది. అతని అక్షరాలు ఏమంత బాగుండవు, వంకరగా, హడావుడిగా ఉంటాయి. అయినా రాశాడు.

మాది మాచర్ల. నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్లలో మునిగిపోయే ముందు ఇటుక ఇటుకా విప్పి కొండ మీదికీ అనుపుకీ తరలించారని మా నాన్న చెప్పేవారు. ఆయన ఆ తవ్వకాల దగ్గర కూలికి వెళ్లినవాడే. ఫైలేకీ అదే గతి పట్టింది. 1902లో కట్టిన పాత అస్వాన్ డ్యామ్ వల్ల ఏటా ఎక్కువ నెలలు ఆ గుడి నీళ్లలోనే ఉండేది, గోడల మీది రంగులు అలా పోయినవే. పెద్ద డ్యామ్ కట్టాక, 1972 నుంచి 1980 దాకా, యునెస్కో సాయంతో, 40 వేలకు పైగా రాతి ముక్కలుగా విప్పి పక్కనే అగిల్కియా దీవి మీద మళ్లీ నిలబెట్టారు. అంతకుముందే, 1960ల మొదట్లో, మన పురావస్తు శాఖ బృందం కూడా బి.బి.లాల్ గారి ఆధ్వర్యంలో వెళ్లి ఈజిప్టు దక్షిణాన నూబియా ప్రాంతంలో మునిగిపోబోయే చోట తవ్వకాలు చేసింది. ఈ సంగతి మన పాఠకుల్లో ఎంతమందికి తెలుసు? రెండు పేజీల్లో దీనికి నాలుగు వాక్యాలు ఇచ్చి ఉంటే మీ వ్యాసం మన ఊళ్ల దాకా వచ్చి ఉండేది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను, ఇది మనవాళ్ల గురించే. కోమ్ ఓంబో గుడిలో మా గుంపులో ఒకాయన, మంచివాడే, చదువుకున్నవాడు, సోబెక్ దేవుడి మొసలి మూతి మీద అరచెయ్యి ఆనించి ఫొటో దిగాడు. నేను వద్దన్నాను. "రాయేగా మాస్టారూ" అన్నాడు. ఆ మూతి చుట్టూ రాయి అప్పటికే నల్లగా, జిడ్డుగా మెరుస్తోంది, అలా ఎన్ని చేతులు పడ్డాయో. చెమటలో ఉప్పు ఉంటుంది, జిడ్డు ఉంటుంది, ఇసుకరాయి దాన్ని పీల్చుకుంటుంది, అంచులు అరిగిపోతాయి. 2013లో ఒక చైనా కుర్రాడు లక్సర్ గుడిలో చెక్కడం మీద తన పేరు గీకితే తల్లిదండ్రులు బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మనవాళ్లు గోల్కొండలో చేసేది అంతకంటే తక్కువేం కాదు. ఆ గోడలు వింత అనీ, ఏలియన్స్ పని అనీ నూరిపోస్తే ఎవరికి మాత్రం వాటిని ముట్టకూడదనిపిస్తుంది? తేలు కుట్టి సెలవు పెట్టిన మనిషిలాంటివాళ్లే ఇవన్నీ చెక్కారని తెలిస్తే చెయ్యి కాస్త వెనక్కి వస్తుందని నా ఆశ.

అందుకని నేను అడిగేది ఇది. హెలికాప్టర్, బల్బు రెండూ తప్పని వచ్చే ఆదివారం అదే అనుబంధంలో, అదే పేజీలో, పిల్లలకి కనబడే సైజులో వేయండి. లోపలి పేజీలో మూల చిన్న పెట్టెలో వేస్తే మా వీధి కుర్రాడు చూడడు. ఇకమీదట ఇలాంటి ఫొటో వేసినప్పుడు కింద ఏ గుడి, ఏ దేవుడు, ఏ రాజు కాలం అన్నది రాయండి, అంత చాలు, పెద్ద వివరణ అక్కర్లేదు. నా దగ్గర అబిడోస్‌లో గీసుకున్న పెన్సిల్ బొమ్మలు 22 ఉన్నాయి, పక్క నుంచి లైటు పట్టినప్పుడు తీసిన ఐసిస్ ఫొటో కూడా ఉంది, తిప్పకుండా వేస్తానంటే పంపిస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు. ఆ కుర్రాడికి మాత్రం నిన్ననే చూపించాను. ఫొటో చాలాసేపు చూసి, "ఈ వేలు ఎన్ని రోజులు చెక్కుంటారు మాస్టారూ?" అని అడిగాడు.

ఇట్లు
మీ పాత పాఠకుడు,
విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
మాచర్ల, పల్నాడు జిల్లా